హారన్ అదిరింది... బండే ఆగింది!

బైకు కొన్నాక ఊరికే ఉండబుద్ధి కాదు. జంట హారన్లు, ఫాగ్ ల్యాంపులు, మొబైల్ చార్జరు, మిలమిల్లాడే ఎల్ఈడీ ఇండికేటర్లు... ఏదో ఒకటి బిగించాల్సిందే. అది బిగించిన వారానికో నెలకో బండి మొరాయిస్తుంది. అప్పుడు ఎక్కడ వెతకాలి?

రాత్రి తొమ్మిదిన్నర. మా బావమరిది గుంటూరు నుంచి తెనాలి వస్తున్నాడు. వెనక భార్య, ఇద్దరి మధ్యా ఐదేళ్ల కూతురు. నారాకోడూరు దాటాక చెప్పు జారిపోయిందంటూ పాప ఏడుపు మొదలెట్టింది. సరేలెమ్మని బండి స్లో చేసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి వెనక్కి మళ్లించబోయాడు. టప్పున హెడ్‌లైటు ఆరిపోయింది. మీటరు ఆరిపోయింది. ఇంజినూ ఆగిపోయింది. చిమ్మచీకట్లో రోడ్డుకు అడ్డంగా బండి... ఎదురుగా లారీ! హారన్ కొడదామంటే అదీ మూగబోయింది. దాన్ని బిగించుకుని అప్పటికి నాలుగు రోజులే. కాళ్లతో నెట్టుకుంటూ మార్జిన్లోకి దిగేసరికి లారీ విసురు ముగ్గురికీ తగిలిందట.

అక్కడ టీ బడ్డీ దగ్గరున్న ఒకతను సాయానికొచ్చాడు. సీటు తీయించి చూసి, ‘ఫ్యూజు పోయింది’ అన్నాడు. సిగరెట్ ప్యాకెట్లోని వెండి కాగితం మడిచి ఆ స్థానంలో దూర్చాడు. బండి స్టార్టయింది. చెప్పు దొరికింది. అంతా బాగానే ఉందనుకుంటూ ఇంటి సందులోకి మలుపు తిరిగాడో లేదో... సీటు కింద నుంచి పొగ! పాపను దింపేసి బ్యాటరీ వైరు ఊడబీకాడు కాబట్టి సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ బండిని నెట్టుకుంటూ నేనూ వెళ్లాను, మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి. ముప్ఫై ఏళ్లుగా వైరింగ్ పనే చేస్తున్న పెద్దాయన. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు రెండే ప్రశ్నలు అడిగాడు.

‘ఈమధ్య బండికి కొత్తగా ఏం పెట్టించావు బాబూ?’

‘ఫ్యూజు పోయినప్పుడు నువ్వేం చేస్తున్నావు?’

రెండో ప్రశ్నకు మా బావమరిది తెల్లమొహం వేశాడు. ‘ఏం చేయలేదండీ, బండి తిప్పుతున్నానంతే’ అన్నాడు. ‘రాత్రి పొగ వచ్చినప్పుడో?’ ‘అప్పుడూ... సందులోకి తిప్పుతున్నా’ అంటూ తనే ఆగిపోయాడు. పెద్దాయన నవ్వి, ‘సగం పని అయిపోయింది’ అన్నాడు.

బల్బు చెప్పిన రహస్యం

ఫ్యూజు పోతే మనం చేసే పనేమిటి? ఇంకోటి పెడతాం. అదీ పోతే మరొకటి. ఆయన అలా చేయలేదు. ఫ్యూజు పెట్టాల్సిన చోట 12 వోల్టుల 21 వాట్ల బ్రేకులైటు బల్బును రెండు వైర్లతో తగిలించాడు. హెడ్‌లైటు కప్లర్ ఊడదీసి, తాళం తిప్పాడు. బల్బు మసకమసగ్గా వెలిగింది. టెయిల్ లైటు, మీటరు లాంటివి వాడుకునే కరెంటు దాని గుండానే పోతోంది కాబట్టి ఆ మాత్రం వెలుగు ఉంటుంది. తర్వాత హ్యాండిల్‌ను నెమ్మదిగా ఎడమకు తిప్పాడు. చివరిదాకా తిరిగేసరికి బల్బు భగ్గున వెలిగింది. వెనక్కి తిప్పితే మళ్లీ మసక. నాలుగుసార్లు తిప్పినా అదే తంతు.

అంటే ఎక్కడో ఒక వైరు, హ్యాండిల్ తిరిగినప్పుడు మాత్రమే బండి బాడీకి తగులుతోంది. షార్టన్నమాట. ఆ బల్బుతో సుఖం ఏమిటంటే, ఎంత షార్టయినా అది రెండు ఆంపియర్లకు మించి కరెంటును పోనివ్వదు. వైర్లు కాలవు, ఫ్యూజులు దండగవవు. వెతుక్కోవడానికి కావాల్సినంత సమయం!

ట్యాంకు ఎత్తి చూస్తే దొరికింది దొంగ. కొత్త హారన్లకు ఇచ్చిన ఎర్ర వైరును ముందువైపు ఉన్న అసలు వైర్ల గుత్తితో కలపకుండా, విడిగా హ్యాండిల్ మెడ పక్క నుంచి లాగారు. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ అది ఫ్రేము అంచుకు, స్టీరింగ్‌కు మధ్య నలిగింది. నాలుగు రోజుల్లో కోటింగ్ ఒరిసిపోయి లోపలి రాగి తీగ కనిపిస్తోంది. మేలిమి హారన్లే, బ్యాటరీ కొత్తదే. దోషమంతా అర్ధరూపాయి ట్యాగు వేయకపోవడంలో ఉంది. రాత్రి వెండి కాగితం పెట్టాక ఆ షార్టు దగ్గర కరెంటును ఆపే నాథుడే లేడు. కాగితం కరగలేదు, వైర్లు కాలాయి. సీటు కింద మూడు వైర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకో నిమిషం గడిస్తే, అక్కడికి జానెడు దూరంలోనే పెట్రోలు ట్యాంకు.

మొదట అడగాల్సింది... చివరగా ఏం మార్చాం?

బండిలో కరెంటు తేడా చేస్తే ఎక్కువమంది ముందు బ్యాటరీ మార్పిస్తారు. తర్వాత రెగ్యులేటర్ మార్పిస్తారు. ఆ రెండింటికీ వేలల్లో వదిలాక, అప్పుడు గుర్తొస్తుంది మొన్న పెట్టించిన చార్జర్ సంగతి. నిజానికి నడవాల్సింది అటు నుంచి ఇటు. కొత్తగా పెట్టినవన్నీ ఊడదీసి, కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజే వేసి చూడాలి. బండి మామూలుగా ఉంటే ఒక్కొక్కటీ తిరిగి తగిలిస్తూ రావాలి. ఏది తగిలించాక తేడా వచ్చిందో దాని దగ్గర ఆగాలి. వస్తువు పాడైందని వెంటనే తేల్చేయకూడదు. చాలాసార్లు వస్తువు బాగానే ఉంటుంది, అతుకు దగ్గరే తప్పు ఉంటుంది. రెండు వైర్లను మెలితిప్పి నల్లటేపు చుట్టే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. ఇంజిన్ వేడికి ఆ టేపు జిగురు కారి విడిపోతుంది. వాన నీళ్లు దిగి లోపలి రాగి పచ్చగా చిలుము పడుతుంది. టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే ఏళ్లు ఉంటుంది.

ఎర్త్ సంగతీ అంతే. పెయింటు ఉన్న బోల్టు కింద ఎర్త్ వైరు బిగిస్తే కరెంటుకు సరైన తోవ ఉండదు. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటోందా? హారన్ నొక్కితే గొంతు పూడినట్టు పలుకుతోందా? ఏదో ఒక ఎర్త్ దగ్గర పెయింటో తుప్పో అడ్డం ఉందేమో ముందు చూడండి. ఆ చోటు గీకి శుభ్రం చేసి బిగిస్తే పైసా ఖర్చు లేకుండా పోతుంది.

కాస్త లెక్క చూద్దాం

లెక్కలంటే గిట్టనివాళ్లకు కూడా ఇది సులువే. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు. 35 వాట్ల హెడ్‌లైటు దాదాపు 3 ఆంపియర్లు వాడుకుంటుంది. 21 వాట్ల బ్రేకులైటు 1.75. ఒక పక్క రెండు ఇండికేటర్లు, ఒక్కోటి 10 వాట్లు... 1.7. వీటికి తోడు మీరు పెట్టించిన 20 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండూ కలిసి 3.3. జంట హారన్లలో 8 నుంచి 10 ఆంపియర్ల దాకా లాగేవి ఉన్నాయి. రాత్రిపూట జంక్షన్లో బ్రేకు తొక్కి, ఇండికేటర్ వేసి, హారన్ నొక్కారనుకోండి. 18 దాటిపోయింది! బండిలో ఉన్నది 15 ఆంపియర్ల ఫ్యూజే. హారన్ క్షణంసేపే కాబట్టి వెంటనే పోదు. వేడెక్కుతూ చల్లారుతూ ఏదో ఒక రోజు పోతుంది. అప్పుడు ‘నిన్నటిదాకా బాగానే ఉందే’ అనుకుంటాం.

కొందరు తెలివిగా 15 తీసి 30 పెట్టేస్తారు. ఇది వెండి కాగితానికి తమ్ముడే. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మారకుండా ఫ్యూజు పెద్దదైతే, ఈసారి కాలేది వైరే. రంగులు గుర్తుపెట్టుకోండి, ప్లాస్టిక్ ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. మీ బండిలో నీలం ఉండాల్సిన చోట ఆకుపచ్చ కనిపిస్తే ఎవరో చేయి పెట్టారన్నట్టే.

పెద్ద హారన్లకు రిలే తప్పనిసరి. ఎందుకంటే కంపెనీ హారన్ బటన్, దాని సన్నటి వైర్లు పాత చిన్న హారన్ కోసం చేసినవి. పెద్దదాని కరెంటంతా వాటిగుండా పోతే బటన్ లోపలి పాయింట్లు మాడతాయి. రిలే పెడితే బటన్ ఊరికే సైగ చేస్తుంది, బరువు మోసేది రిలే. దాని కాళ్ల మీద అంకెలుంటాయి. పాత హారన్‌కు వచ్చే రెండు వైర్లనూ 85, 86లకు ఇవ్వాలి. బ్యాటరీ నుంచి విడిగా ఒక ఫ్యూజు గుండా 30కి లావు వైరు తేవాలి. 87 నుంచి హారన్లకు వెళ్లాలి. హారన్ల రెండో వైరు ఎర్త్‌కు. ఆ ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండటం ముఖ్యం.

హారన్ల మాట వచ్చింది కాబట్టి... రకరకాల స్వరాలు పలికే హారన్లు, చెవులు చిల్లులు పొడిచేవి వాహనాలకు పెట్టకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వది చెబుతోంది. ఎన్ని రిలేలు పెట్టినా అది మారదు!

రాత్రికి రాత్రి ఖాళీ!

పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే ‘టక్ టక్’ తప్ప ఉలుకూ పలుకూ లేదా? చార్జరో, అలారమో, లొకేషన్ చూపే ట్రాకరో తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించి ఉంటారు. అది 50 మిల్లీ ఆంపియర్లే వాడుకుంటోందనుకుందాం. ఏముందిలే అనిపిస్తుంది. కానీ రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న బళ్ల బ్యాటరీ 4 ఆంపియర్ అవర్లకు అటూ ఇటూ. మూడు రోజులకల్లా అడుగంటుతుంది. సెల్ఫ్ అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి బండి కదలకపోవడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం.

నాలుగైదు వందలకు దొరికే మల్టీమీటరుతో దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి తగిలించాలి. గడియారం ఉన్న బళ్లలో కొద్ది మిల్లీ ఆంపియర్లు కనిపించడం మామూలే. పదుల్లో ఉంటే కొత్త సామాను ఒక్కోటి ఊడదీస్తూ చూడండి. ఏది తీస్తే అంకె పడిపోయిందో అదే తాగుతోంది. అలా మీటరు తగిలించి ఉండగా సెల్ఫ్ మాత్రం నొక్కొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది.

అదే మీటరుతో మరో పరీక్ష. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5. నడుస్తున్నా 13 దాటకపోతే బ్యాటరీకి చార్జింగ్ సరిగా అందడం లేదు. కొత్త లైట్లు ఆపితే పెరుగుతోందా, అయితే అవి మీ బండి తాహతుకు మించినవి. 15 దాటితే రెగ్యులేటర్ చూపించాలి, లేకపోతే బల్బులు వరసగా పోతాయి.

ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టాక అవి గబగబా కొట్టుకుంటుంటే కంగారొద్దు. పాత ఫ్లాషర్ బల్బుల బరువును బట్టి పనిచేస్తుంది. ఎల్ఈడీలు మరీ తక్కువ తీసుకునేసరికి ఒక బల్బు పోయిందనుకుంటుంది. ఎల్ఈడీల కోసం చేసిన ఫ్లాషర్ మారిస్తే చాలు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లతో మాత్రం కాస్త దూరంగా ఉండటం మేలు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, సెన్సర్లకు వెళ్లే వైర్లను గీకి అతుకులేస్తే ఇంజిన్ లైటు వెలిగి కూర్చుంటుంది. వాటి మీద టెస్ట్ బల్బు పెట్టకూడదు. వారంటీ ఉండగా అసలు వైర్లను కోస్తే కంపెనీ వాళ్లు చేయి దులుపుకొనే వీలూ ఉంది. కొన్ని బళ్లకు అదనపు సామాను కోసమే ఒక కప్లర్ ఇస్తారు, ఉందేమో అడగండి.

మా బావమరిది బండి సాయంత్రానికి సిద్ధమైంది. కాలిన వైర్లు మార్చి, రిలే పెట్టి, హారన్ వైరును అసలు గుత్తితో కలిపి ట్యాగులు వేశాడు పెద్దాయన. హ్యాండిల్‌ను ఇటు చివరి నుంచి అటు చివరికి తిప్పిస్తూ ఏ వైరూ బిగుసుకోవడం లేదని మా చేత చూపించాడు. డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే ఆపి, ఫ్యూజు డబ్బా మూత తీసి చూపించాడు. అందులో కంపెనీ వాళ్లు పెట్టిన స్పేర్ ఫ్యూజు, నీలం రంగుది, బండి కొన్న రోజు నుంచీ అలాగే ఉంది.

‘బావా, రాత్రి ఇది కనిపించి ఉంటే వెండి కాగితం పెట్టనిచ్చేవాణ్నే కాదు’ అన్నాడు మా వాడు.

‘పెడితే ఇదీ పోయేదే బాబూ. అప్పుడు బండి ఆగిపోయేది, పొగ వచ్చేది కాదు’ అన్నాడాయన.