టికెట్ ఎవరిస్తారు?

ఎన్నికలొస్తే ఊళ్లో ఒకటే మాట. "ఈసారి టికెట్ ఎవరికి?"

టికెట్ అంటే పార్టీ తరఫున నిలబడే అవకాశం. మన దగ్గర ఎమ్మెల్యే టికెట్ పార్టీ పెద్దలే ఇస్తారు. బి-ఫారం ఎవరి చేతికొస్తే పార్టీ గుర్తు వారిదే. మన ఓటు ఆ తర్వాతే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ టికెట్ కోసం కూడా ఓట్లు వేస్తారు. ఒకే పార్టీ వాళ్లు ముందు తమలో తాము పోటీ పడతారు. దీన్ని ప్రైమరీ ఎన్నిక అంటారు.

2018లో న్యూయార్క్ నగరంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఒక నియోజకవర్గంలో డెమోక్రటిక్ పార్టీకి బలం ఎక్కువ. ఆ పార్టీ టికెట్ దొరికితే గెలిచినట్టే. జోసెఫ్ క్రౌలీ 1999 నుంచి పార్లమెంటు లాంటి పెద్ద సభలో ఉన్నారు. పార్టీ పెద్దలూ, డబ్బూ ఆయన వైపే. 14 ఏళ్లుగా సొంత పార్టీలో ఎవరూ ఆయనకు ఎదురు నిలబడలేదు.

28 ఏళ్ల అమ్మాయి నిలబడింది. ఆమె పేరు అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్. పేరు పొడుగే! హోటల్లో వడ్డన పని చేసేది. తండ్రి పోయాక తల్లి ఇళ్లు తుడిచి సంసారం ఈదింది. ఈమె బూట్లకు చిల్లులు పడేదాకా ఇల్లిల్లూ తిరిగి ఓటు అడిగింది.

జూన్‌లో ప్రైమరీ జరిగింది. పార్టీలో పేరు రాయించుకున్న వాళ్లకే ఓటు. వాళ్లలోనూ దాదాపు 30 వేల మందే వచ్చారు. ఆమె సుమారు 4 వేల ఓట్లతో గెలిచింది.

నవంబరులో అసలు ఎన్నిక. ఆమెకు లక్షా పదివేల ఓట్లు వచ్చాయి. జూన్‌లో ఇంట్లో ఉండిపోయిన వాళ్లూ ఈసారి కదిలారు. కాని పార్టీ మనిషి ఎవరో అప్పటికే తేలిపోయింది.