సువార్తిక సంఘములలో క్రమశిక్షణ ఏల సన్నగిల్లినది?

తప్పు చేసిన సభ్యుని మందలించి, మారనిచో సంఘమునుండి తొలగించి, పశ్చాత్తాపపడినచో మరల చేర్చుకొనుట సంఘ క్రమశిక్షణ యనబడును. దీనికి మూలము మత్తయి సువార్త 18వ అధ్యాయము. మొదట ఏకాంతమున బుద్ధి చెప్పవలెను. వినకున్న ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని వినకున్న సంఘమునకు తెలుపవలెను. తొలగించుట కడపటి మెట్టు. 1561 నాటి బెల్జిక్ విశ్వాసప్రమాణము నిజమైన సంఘమునకు గల మూడు లక్షణములలో క్రమశిక్షణ నొకటిగా నెన్నినది. అట్టిది నేడు ఆచరణమున అరుదగుటకు కారణమేమి?

1840లో నెల్లూరున మిషను నెలకొల్పిన అమెరికా బాప్టిస్టుల చరిత్ర దీనికి నిదర్శనము. 19వ శతాబ్దమున దక్షిణ రాష్ట్రములలోని బాప్టిస్టు సంఘములు నెలకొకసారి సమావేశమై త్రాగుడు, నృత్యము, కలహము, ఆరాధనకు రాకుండుట మున్నగు దోషములను విచారించెడివి. 1861లో అంతర్యుద్ధము మొదలగుటకు పూర్వము ఏటా నూటికి సుమారు ఇద్దరు వెలికి గురియైరి. 1920 తరువాత ఈ యాచారము చాలవరకు అంతరించినది.

పట్టణములు పెరుగుటతో ఒక సంఘము వెలివేసినవాడు ప్రక్క వీథి సంఘమున చేరగలిగెను. సభ్యుల సంఖ్యయే అభివృద్ధికి కొలమానమైనందున పెద్దలు వారిని పోగొట్టుకొనుటకు జంకిరి. పూర్వపు దుర్వినియోగమును మరువరాదు: పారిపోయిన బానిసలను గూడ ఆ సంఘములు వెలివేసినవి. పిదప న్యాయస్థానముల భయము తోడైనది. ఓక్లహోమాలో వేరొక శాఖకు చెందిన సంఘము సభ్యురాలి దోషమును బహిరంగముగా ప్రకటింపగా ఆమె దావా వేసెను. ఆమె సభ్యత్వమును విడిచిన పిమ్మట చేసిన చర్యలకు సంఘము బాధ్యత వహింపవలసి యుండునని 1989లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అయినను మూలకారణము సభ్యత్వమునకు అర్థము లోపించుటయే. పట్టికలో పేరుండి ఏండ్ల తరబడి ఆరాధనకు రానివానిని ఎవరు మందలింతురు? దక్షిణ బాప్టిస్టుల మహాసభ 2008లో ఈ లోపము నంగీకరించి, సభ్యత్వమును, క్రమశిక్షణను పునరుద్ధరింపవలెనని తీర్మానించినది.

విచారణ లేనిచోట నష్టపడునది బలహీనులే. ఆ సంఘములలో ఇరువది యేండ్లలో సుమారు 380 మంది కాపరులు, కార్యకర్తలపై లైంగిక దురాగతముల ఆరోపణలు వచ్చెననియు, బాధితులు 700కు మించిరనియు 2019లో అమెరికా పత్రికలు వెల్లడించినవి. నిందితులలో కొందరు వేరు సంఘములకు మారి పదవులలో కొనసాగిరి. అట్టి నేరములను ప్రభుత్వమునకు తెలుపుట సంఘము విధి. ఆంతరంగిక విచారణ దానికి మారు కాజాలదు.

మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయము సాక్ష్యమున్నచో పెద్దలను గూడ అందరి యెదుట గద్దింపవలెనని విధించుచున్నది. సామాన్యుని త్రాగుడును విచారించి, కాపరి నేరమును కప్పిపుచ్చునది క్రమశిక్షణ కాదు. పెద్దలు తామే మొదట దానికి లోబడినప్పుడు సభ్యులకు దానియందు విశ్వాసము కలుగును.