కథ్‌బర్ట్: తెలిసినవాడు, వెలిగేవాడు

1983 జూన్ 25న లార్డ్స్‌లో బల్విందర్ సంధూ వేసిన బంతి బయటికి పోతుందనుకుని గార్డన్ గ్రీనిడ్జ్ బ్యాటు పైకెత్తి వదిలేశాడు. బంతి లోపలికి తిరిగి వికెట్లను తాకింది. ఆ దృశ్యం మన క్రికెట్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునేదే. ఆ బార్బడోస్ ఆటగాడి పూర్తి పేరు మాత్రం కథ్‌బర్ట్ గార్డన్ గ్రీనిడ్జ్. ఆ మొదటి పేరు వయసు పదమూడు వందల ఏళ్ల పైమాటే. పుట్టిన ఇంగ్లండులోనే ఇప్పుడు దాన్ని పిల్లలకు పెట్టేవాళ్లు చాలా అరుదు.

పాత ఇంగ్లిషు వాళ్లు రెండు మాటలు జోడించి పేర్లు కట్టేవారు. ఇందులో మొదటిది 'కూథ్': తెలిసిన, పేరుపొందిన అని అర్థం. రెండోది 'బెయోర్హ్ట్': వెలిగే. మన క్రైస్తవ కుటుంబాల్లో వినిపించే రాబర్ట్, ఆల్బర్ట్ పేర్ల చివర ఉన్నదీ ఈ వెలుగే.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ మాటల చుట్టరికం. 'కూథ్'కూ సంస్కృతంలోని 'జ్ఞాత'కూ మూలధాతువు ఒకటే. 'బెయోర్హ్ట్' కూడా సంస్కృత 'భ్రాజ' ధాతువుకు బంధువే. మన కావ్యాల్లోని 'భ్రాజిల్లు' అక్కణ్ణుంచి వచ్చిందే. తెలుగు వేరే భాషాకుటుంబానిదైనా, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల వల్ల ఈ పేరు మనకు సగం తెలిసినట్టే ఉంటుంది. ఇంగ్లిషులో మొరటు మనిషిని 'అన్‌కూథ్' అంటారు. అది మొదట్లో తిట్టు కాదు, కేవలం 'తెలియని' అని అర్థం. అంటే మన 'అజ్ఞాత'కు తోబుట్టువు. తెలియనిది వింతగా తోచింది, వింతైనది మొరటుగా మారింది.

ఈ పేరును నిలబెట్టినవాడు ఒక సన్యాసి. ఏడో శతాబ్దంలో, ఇంగ్లండు ఉత్తర ప్రాంతమైన నార్తంబ్రియాలో ఉండేవాడు. లిండిస్‌ఫార్న్ మఠంలో పనిచేసి, ఏకాంతం కోరి ఇన్నర్ ఫార్న్ అనే చిన్న దీవికి వెళ్లిపోయాడు. బతిమాలి 685లో బిషప్పును చేస్తే, కొద్దికాలానికే ఆ పదవి వదిలి మళ్లీ దీవికే చేరాడు. 687 మార్చి 20న అక్కడే కన్నుమూశాడు. ఆ దీవుల్లో గూళ్లు పెట్టే ఐడర్ బాతులను ఆయన కాపాడాడని జనం నమ్మకం. సుబ్రహ్మణ్యాన్ని మనం సుబ్బు అన్నట్టే వాళ్లు కథ్‌బర్ట్‌ను 'కడీ' అంటారు. ఆ బాతులు నేటికీ అక్కడివాళ్లకు 'కడీ బాతులే'.

వైకింగుల భయంతో 875లో సన్యాసులు ఆయన శవపేటికను మోసుకుని మఠం వదిలారు. ఊళ్లు తిరిగి తిరిగి ఆ పేటిక చివరికి 995లో డరమ్ చేరింది. అక్కడ 1093లో మొదలైన మహా చర్చి ఆయన కోసం కట్టిందే. 1104లో పేటిక తెరిస్తే అరచేతిలో ఇమిడేంత యోహాను సువార్త ప్రతి ఒకటి కనిపించింది. యూరప్‌లో అట్టతో సహా చెక్కుచెదరకుండా మిగిలిన అతి పాత పుస్తకం అదే. 2012లో బ్రిటిష్ లైబ్రరీ దాన్ని 90 లక్షల పౌండ్లకు కొన్నది.

1066లో నార్మన్లు వచ్చాక విలియం, రాబర్ట్ లాంటి పేర్లు రాజ్యమేలాయి, పాత ఇంగ్లిషు పేర్లు చాలావరకు అణగిపోయాయి. ఉత్తరాన మాత్రం ఈ సన్యాసి మీది భక్తి కథ్‌బర్ట్‌ను బతికించింది. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ చనిపోయాక నౌకాదళ బాధ్యత అందుకున్న కాలింగ్‌వుడ్ పేరు కథ్‌బర్ట్. ఆయనది ఉత్తరాది న్యూకాజిలే. పాత పుణ్యపురుషుల మీద చర్చి వర్గాల్లో మళ్లీ మోజు పుట్టడంతో 19వ శతాబ్దంలో దీనికి కొత్త ఊపిరి వచ్చింది.

దెబ్బ మొదటి ప్రపంచ యుద్ధంలో పడింది. 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఆఫీసు ఉద్యోగం చాటున దాక్కుని యుద్ధానికి వెళ్లని కుర్రాళ్లను ఒక లండన్ పత్రిక కార్టూనిస్టు బెదిరిన కుందేళ్లుగా గీసి 'కథ్‌బర్ట్' అన్నాడు. ఆ మాట జనం నోళ్లలో పడింది. కొడుకులను పోగొట్టుకున్న ఇళ్లున్న దేశంలో పిరికివాడి మారుపేరును ఏ తల్లి తన బిడ్డకు పెడుతుంది? పేరు తగ్గడానికి ఇదొక్కటే కారణమనలేను. మారిన అభిరుచి కూడా ఉంది. కానీ దీవి చలికీ సముద్రానికీ వెరవని మనిషి పేరు పిరికితనానికి గుర్తు కావడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

డరమ్‌లో ఆయన సమాధి మీది వైభవాన్నంతా ఎనిమిదో హెన్రీ కాలంలో కూల్చేశారు. ఇప్పుడు ప్రధాన బలిపీఠం వెనక ఒక సాదా రాతిపలక ఉంది. బిరుదులు లేవు, తేదీలు లేవు. దాని మీద లాటిన్‌లో చెక్కింది ఒకే ఒక్క మాట: కథ్‌బర్టస్.