పొగగొట్టములోనికి గాలి యేల?

మా పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల మోటారుసైకిలుపై మమ్ము చూడవచ్చెను. వేగము తగ్గించినప్పుడెల్ల బండి పొగగొట్టమున టపటపమను చప్పుడు పుట్టుచున్నదనియు, ఇంజనునకు తగిలించిన యొక రబ్బరుగొట్టమును తీసివేసి, దాని రంధ్రమునకు రేకు బిగించినచో చప్పుడు పోవుటయేగాక బలముకూడ పెరుగునని మెకానిక్కు చెప్పెననియు నతడు తెలిపెను. “తీయించుకొందునా, మాస్టరుగారూ?” అని యడిగెను. మేము చెప్పిన సమాధానము తక్కిన విద్యార్థులకును ఉపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

మన గోదావరిసీమ పల్లెలలో కట్టెలపొయ్యి నెరుగనివారుండరు. పచ్చికట్టె పెట్టినచో పొయ్యి పొగచూరును. తల్లి ఊదుగొట్టముతో ఊదగానే ఆ పొగయే భగ్గుమని మంటయగును. పొగలో చాలభాగము గాలి చాలక మండక మిగిలిన పదార్థమేయని దీనివలన తెలియుచున్నది.

ఇంజనులోను ఇట్లే జరుగును. సిలిండరులో పెట్రోలు మండుటకు దొరకు కాలము మిక్కిలి స్వల్పము. అందుచే కొంత యింధనము మండకయే వెలువడును. కొంత సగము మండి కార్బన్ మోనాక్సైడను విషవాయువగును. ఆ రబ్బరుగొట్టము మన యూదుగొట్టము వంటిది. వేడివాయువు సిలిండరునుండి తెరలుతెరలుగా వచ్చును. ఒక్కొక్క తెర దాటిన పిమ్మట పొగగొట్టములోని యొత్తిడి క్షణకాలము వెలుపలి గాలికంటె తగ్గును. అప్పుడొక పలుచని రేకుతలుపు తెరచుకొని శుభ్రమైన గాలి లోనికి పోవును. ఒత్తిడి పెరుగగానే తలుపు మూసికొనును. ఆ గాలితో మిగిలిన యింధనము మండి, బొగ్గుపులుసుగాలిగను నీటియావిరిగను మారును. కొన్ని కార్లలో ఒక చిన్న విద్యుత్పంపు, ఇంజను చల్లగానున్న మొదటి నిమిషమున ఈ పనిచేయును.

లాస్ ఏంజలెస్ నగరమును కప్పిన పొగకు మోటారుబండ్లు విడుచు వాయువులును సూర్యరశ్మియు కారణమని 1950 తరువాతి సంవత్సరములలో హాగెన్‌స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తెలిపెను. కాలిఫోర్నియాలో 1966వ సంవత్సరపు కార్లకు నియమము లేర్పడగా, ఇట్టి గాలిపంపులు వాడుకకు వచ్చెను. మన దేశమంతటను భారత్ స్టేజి 4 నియమములు 2017లోను, భారత్ స్టేజి 6 నియమములు 2020లోను అమలునకు వచ్చినవి.

ఇక, గొట్టము తీసిన బలము పెరుగునా? ఈ గాలి సిలిండరులోనికి పోదు. పని ముగించుకొని వచ్చిన వాయువులో కలియును. వార్చిన గంజిలో నీరు పోసినచో కుండలోని యన్నము పలుచబడునా? పూర్వపు కార్లలో ఇంజను బెల్టుతో తిరుగు పంపు కొంచెము బలమును హరించుట నిజమే. రేకుతలుపునకు అట్టి ఖర్చు లేదు.

చప్పుడునకు కారణము వేరు. ఆక్సిలరేటరు వదలినప్పుడు మండని పెట్రోలు పొగగొట్టము చేరును. ఆ సమయమున గాలి రాకుండ ఆపుటకు వేరొక కవాటమున్నది. దాని సన్నగొట్టము బీటలువారినను, పొగగొట్టపు అతుకు వదులైనను గాలి చొరబడి చప్పుడు పుట్టును. చెడిన దానిని మార్చుకొనుటయే తగిన చికిత్స. మొత్తము సాధనమును తీసివేయుట ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుటయే. అనుమతిలేని మార్పులకు మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ జుల్మానాయేగాక జైలుశిక్షకూడ విధించినది.

శిక్షకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. అది రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. సాయంకాలము గంట కొట్టగానే మా పాఠశాల ద్వారమునొద్ద బండ్లు ఇంజను లాపక నిలుచుట నిత్యము చూచుచున్నాము. వాటి వెనుక నిలుచువారు చిన్నతరగతుల పిల్లలు. నడుపువాడు ముందు కూర్చుండును. పొగ వెనుకవానికి దక్కును. ఒక్క బండి పొగ గాలిలో చెదరిపోవుననుట నిజమే. కాని ప్రతివాడును “నాది యొక్కటియేగదా” అనుకొనినచో? ఎగువవాడు కాలువలో మురుగు కలిపిన, దిగువయూరివారు త్రాగవలసివచ్చునని డెల్టాబిడ్డలకు వేరుగ చెప్పవలయునా?

ఆ విద్యార్థి గొట్టము తీయించలేదు. పరీక్షింపగా ఆ సన్నగొట్టమే చీలియుండెను. దానిని మార్పించగా చప్పుడు నిలిచెను. ప్రియ విద్యార్థులారా, ఒక సాధనము మనకు పనికిరానట్లు తోచినప్పుడు, అది ఎవరికొరకు పనిచేయుచున్నదో ముందు విచారింపుడు. మన పొరుగువానికొరకే కావచ్చును.