దుబాయ్ కార్టన్ విమానంలో ఎలా ఎక్కుతుంది? ఆలస్యం ఎక్కడ అవుతుంది?

"భాయ్ డబ్బా వేసి పది రోజులైంది. దుబాయ్ నుంచి విమానం నాలుగు గంటల్లో వస్తది కదా, డబ్బా ఇంకా రాలేదేంది బేటా?" గల్ఫ్‌లో మనిషి ఉన్న మన ఇళ్లల్లో అమ్మీ నోట ఎప్పుడో ఒకప్పుడు వినే మాటే ఇది. దీనికి జవాబు విమానం కడుపులో ఉంది.

పెద్ద విమానాల్లో కార్టన్లను ఒక్కొక్కటిగా ఎక్కించరు. ముందే అల్యూమినియం కంటైనర్‌లో గానీ, ప్యాలెట్ అనే పలక మీద గానీ సర్దుతారు. ఈ రెండింటినీ కలిపి యూఎల్‌డీలు, అంటే యూనిట్ లోడ్ డివైస్‌లు అంటారు. ఎక్కువగా కనిపించే కంటైనర్ పేరు ఎల్‌డీ-3. దీని ఎత్తు 163 సెంటీమీటర్లు. వెడల్పు అడుగున 156, పైన 201 సెంటీమీటర్లు. విమానం కడుపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దీని కింది మూల ఒకటి కోసేసినట్టు ఏటవాలుగా ఉంటుంది. కంటైనర్ సొంత బరువుతో కలిపి 1,588 కిలోల దాకా నింపొచ్చు.

కార్గో టెర్మినల్‌లో ముందు కార్టన్‌ను ఎక్స్‌రే తీసి, తూకం వేస్తారు. బరువైనవి కింద, తేలికైనవి పైన పేరుస్తారు. ప్యాలెట్ అయితే పైనుంచి వల బిగిస్తారు. నిండాక మళ్లీ తూకం. ఏ కంటైనర్ ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి అన్నది ఆ బరువును బట్టే నిర్ణయిస్తారు. ఒకవైపు బరువు ఎక్కువైతే విమానం బ్యాలెన్స్ తప్పుతుంది. తర్వాత దాన్ని ట్రాలీ మీద విమానం దగ్గరికి తెచ్చి, హై లోడర్‌తో పైకి లేపుతారు. లోపల నేలంతా రోలర్లే. కంటైనర్‌ను జరిపి, దాని చోట లాక్ వేస్తారు.

ఈ బిగింపు ఎంత ముఖ్యమో 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్‌లో తెలిసింది. దుబాయ్‌కి బయల్దేరిన బోయింగ్ 747 సరుకు విమానంలో సైనిక వాహనం కట్లు తెగి వెనక్కి జారింది. విమానం కూలి, అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు.

మరి ఆలస్యం ఎక్కడ? బోయింగ్ 777-300ఈఆర్ కింది భాగంలో 44 ఎల్‌డీ-3లు పడతాయి. కానీ ప్రయాణికుల సూట్‌కేసులు వెళ్లేదీ అక్కడే. ముందు లగేజీ, మిగిలిన చోటులోనే సరుకు. చోటు లేకపోతే మన డబ్బా తర్వాతి విమానానికే. బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో అయితే కంటైనర్లే ఉండవు, అంతా చేత్తో సర్దాల్సిందే. పైగా కార్గో ఏజెంట్ నలుగురి డబ్బాలు పోగయ్యాక ఒకేసారి పంపుతాడు. ఇక్కడ దిగాక కస్టమ్స్ ఉండనే ఉంది.

కిరాయి లెక్క కూడా చోటును బట్టే ఉంటుంది. కార్టన్ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. 60, 50, 50 సెంటీమీటర్ల డబ్బా అయితే 25 కిలోల లెక్క వస్తుంది. లోపల 15 కిలోల దుప్పట్లే ఉన్నా 25 కిలోలకు కట్టాలి. కొన్ని కొరియర్లు 5,000తోనే భాగిస్తాయి, అప్పుడు అదే డబ్బా 30 కిలోలు అవుతుంది. అందుకే చిన్న డబ్బాలో గట్టిగా సర్దితే డబ్బు మిగులుతుంది.

ఇంకో మాట. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు బట్టల మధ్య దాచి పంపొద్దు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుని యూపీఎస్ సరుకు విమానం కూలింది, పైలట్లిద్దరూ చనిపోయారు. విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. మీ డబ్బా ప్రయాణించేది ఎవరో ఒకరి అమ్మీ, అబ్బా కూర్చున్న సీటు కిందే.

డబ్బా ఆలస్యమైతే ఏజెంట్‌ను మాస్టర్ ఎయిర్ వే బిల్ నంబర్ అడగండి. అందులో 11 అంకెలుంటాయి. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి. 176 ఎమిరేట్స్, 065 సౌదియా, 098 ఎయిర్ ఇండియా. ఆ ఎయిర్‌లైన్ కార్గో వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే డబ్బా విమానం ఎక్కిందా, ఇంకా గోడౌన్‌లోనే ఉందా మీకే తెలుస్తుంది.