నలభై వేలలో కంప్యూటర్

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. నాన్న సీఐఎస్‌ఎఫ్‌లో పనిచేస్తారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా, ఊరికి వెళ్ళేది సెలవులకే. భిలాయికి వచ్చాక అక్క పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. పైథాన్ ప్రాక్టికల్స్ ఫోన్‌లో చేయడం కుదరదని ఇంట్లో చెప్పాం. నాన్న రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "నలభై వేలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా లేదు. ఏం కొంటారో మీరే చూసుకోండి" అన్నారు. ఇది 2024 వేసవి సెలవుల నాటి మాట.

ల్యాప్‌టాప్ ఎందుకు కొనలేదని చాలామంది అడిగారు. ఆ డబ్బుకి ల్యాప్‌టాప్ వస్తుంది. కానీ మేమిద్దరం, అప్పుడప్పుడు అమ్మ కూడా వాడే యంత్రం అది. ఒక భాగం పాడైతే ఆ భాగమే మార్చుకోవాలి, రెండేళ్ళ తర్వాత అవసరమైతే కొంత పెంచుకోవాలి. అందుకని విడిభాగాలు కొని మేమే బిగించుకుందాం అనుకున్నాం.

ముందు ఒక కాగితం మీద మా పనులు రాసుకున్నాం. పైథాన్, పాఠాల వీడియోలు, ప్రాజెక్టు రిపోర్టులు, తమ్ముడికి ఒకటి రెండు చిన్న ఆటలు. అంతే. ఈ కాగితం లేకుండా దుకాణానికి వెళితే దుకాణదారు కాగితం ప్రకారం కొనాల్సి వస్తుంది. మొదటిసారి సుపేలా బజారుకి వెళ్ళినప్పుడు అదే జరగబోయింది. రంగురంగుల లైట్లున్న క్యాబినెట్ చూపించి, "ఇది తీసుకోండి భైయా, గేమింగ్ పీసీ" అన్నాడు. లోపల ఏముందని అడిగితే సరైన జవాబు రాలేదు.

భాగాలు ఒకదానికొకటి సరిపోవాలనే సంగతి భిలాయిలో ఉండేవాళ్ళకి చెప్పడం తేలిక. కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ ముడి ఖనిజం నుంచి ఇనుము తీస్తుంది, స్టీల్ మెల్టింగ్ షాపు దాన్ని ఉక్కు చేస్తుంది, రైల్ మిల్లు ఆ ఉక్కును పట్టాలుగా సాగదీస్తుంది. మిల్లు ఎంత పెద్దదైనా వెనకనుంచి వచ్చే ఉక్కును మించి పట్టాలు చేయలేదు. కంప్యూటర్ కూడా అంతే. ఖరీదైన ప్రాసెసర్ కొని పాత హార్డ్ డిస్క్ పెడితే, ఆ ప్రాసెసర్ ఎక్కువ సేపు డిస్క్ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది.

ప్రాసెసర్ దగ్గరే మేము ఎక్కువ రోజులు ఆగాం. మా డబ్బులో విడిగా గ్రాఫిక్స్ కార్డు రాదు. కాబట్టి తెర మీద బొమ్మ చూపించే పని కూడా ప్రాసెసరే చేయాలి. ఇక్కడ ఒక్క అక్షరంతో ప్రమాదం ఉంది. ఏఎమ్‌డీ వాళ్ళ రైజెన్ 5 5600జి లో గ్రాఫిక్స్ ఉంది. చివర 'జి' లేని 5600 లో లేదు. ఇంటెల్ ఐ3-12100 లో ఉంది. చివర 'ఎఫ్' ఉన్న 12100ఎఫ్ లో లేదు. ఎఫ్ రకం కొంచెం చవక కాబట్టి ఆశ పుడుతుంది. అది కొంటే గ్రాఫిక్స్ కార్డు కూడా కొనాలి, లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. మేము ఆరు కోర్లున్న 5600జి తీసుకున్నాం. డబ్బు ఇంకా తక్కువైతే నాలుగు కోర్ల ఐ3 కూడా మన చదువులకి చక్కగా చాలు.

మదర్‌బోర్డు ప్రాసెసర్‌ని బట్టి ఎంచుకోవాలి. సాకెట్ కలవాలి. 5600జి కి ఏఎమ్4 సాకెట్ ఉన్న బోర్డు కావాలి. మేము బీ450 చిప్‌సెట్ బోర్డు కొన్నాం. ఈ రకం బోర్డులు మా ప్రాసెసర్ కంటే ముందే మార్కెట్లోకి వచ్చాయి. అందుకని పాత సరుకైతే బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని దుకాణంలోనే అడగాలి. హెచ్‌డీఎమ్ఐ పోర్టు, ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డి పట్టే ఎమ్.2 స్లాట్ ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి.

ఇక మా తప్పు. బోర్డు డిడిఆర్4 రకం. ర్యామ్ కొనే రోజు అక్కకి జ్వరం, తమ్ముడు ఒక్కడే వెళ్ళాడు. నాలుగు కంటే ఐదు పెద్దది కదా అని డిడిఆర్5 తెచ్చాడు. ఇంట్లో ఎంత నొక్కినా అది స్లాట్‌లో దిగలేదు. రెండు రకాలకీ కింద గాడి వేరే చోట ఉంటుంది, తప్పు రకం దిగకూడదనే అలా చేస్తారు. ఇంకాస్త బలంగా నొక్కి ఉంటే బోర్డు పగిలేది. దుకాణదారు 300 రూపాయలు తగ్గించుకుని మార్చి ఇచ్చాడు. ఆ 300 గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట వస్తూనే ఉంటుంది.

16 జీబీ ర్యామ్‌ని ఒకే కర్రగా కాకుండా 8 జీబీవి రెండుగా తీసుకున్నాం. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో బొమ్మలకి కావలసిన మెమరీ కూడా ఈ ర్యామ్ నుంచే వెళుతుంది. రెండు కర్రలుంటే దారులు రెండవుతాయి, ఆటల్లో తేడా కంటికి కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ అసలు కొనలేదు. 500 జీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డి చాలింది.

పవర్ సప్లై గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. చవక క్యాబినెట్లతో పాటు '500 వాట్లు' అని స్టిక్కర్ అంటించిన పవర్ సప్లై ఉచితంగా వస్తుంది. మా క్లాసులో ఒక అబ్బాయి కంప్యూటర్‌లో అలాంటిది పాడైంది. అది ఒంటరిగా పోలేదు, మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. అన్ని భాగాలకీ కరెంటు పంచేది అదే, అందుకే దాని తప్పు అందరికీ తగులుతుంది. మా కంప్యూటర్ మొత్తానికి 150 వాట్లు కూడా పట్టదు, ప్రాసెసర్ వాటా 65 వాట్లే. కాబట్టి పెద్ద అంకె అక్కర్లేదు, నిజమైన అంకె కావాలి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ ముద్ర ఉన్న 450 వాట్లది తీసుకున్నాం. ఆ ముద్ర ఉంటే, గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం భాగాలకి చేరుతుందని, వేడిగా వృథా అయ్యేది తక్కువని అర్థం. భిలాయి మే నెలలో, ఫ్యాన్ కూడా వేడిగాలి విసిరే రోజుల్లో, ఆ తేడా చిన్నది కాదు.

మేము ఇచ్చిన ధరలు ఇవి: ప్రాసెసర్ 11,000, మదర్‌బోర్డు 6,000, ర్యామ్ 3,000, ఎస్‌ఎస్‌డి 3,300, పవర్ సప్లై 3,200, క్యాబినెట్ 2,500, మానిటర్ 6,700, కీబోర్డు మౌస్ కలిపి 1,000, యూపీఎస్ 2,900. మొత్తం 39,600. ర్యామ్ పొరపాటు 300 కలిపితే 39,900. మిగిలిన వందతో సివిక్ సెంటర్‌లో గుప్‌చుప్ తిన్నాం. ఈ అంకెలు చూసి మీరు లెక్క వేసుకోవద్దు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడు కొనేవాళ్ళు 8 జీబీ కర్ర ఒకటే కొని, రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకుని, తర్వాత నింపుకోవచ్చు.

ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంప్యూటర్లు చాలా చవకగా దొరుకుతాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ ఒకటి చూసుకోండి. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14 తో ముగిసింది. విండోస్ 11 కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. నాలుగో తరం, ఆరో తరం ఐ5 కొంటే ఉబుంటు లాంటి లినక్స్ పెట్టుకోవడం మేలు. పైథాన్ అందులోనూ ఒకేలా నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులో ఉంటుంది.

అమ్మ అడిగిన ఒక్క ప్రశ్న మా జాబితాని సగం మార్చింది. "రేపు ట్రాన్స్‌ఫర్ అయితే దీన్ని ఎలా మోస్తాం?" మాకు ఆ ఆలోచనే రాలేదు. అద్దం పలక ఉన్న పెద్ద క్యాబినెట్ మానేసి, మైక్రో ఏటీఎక్స్ బోర్డు, దానికి తగ్గ చిన్న రేకు క్యాబినెట్ తీసుకున్నాం. ముందు జాలీ, దాని వెనక దుమ్ము వడకట్టే వల ఉన్నది చూశాం, ఇక్కడ కిటికీ తీస్తే సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు మరి. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామని ఒక దుకాణంలో అన్నారు. భాగాలపై 18 శాతం జీఎస్టీ కదా, ఆశపడ్డాం. అమ్మ ఒప్పుకోలేదు. ఈ దుకాణం భిలాయిలో ఉంటుంది, మనం ఉండం. వేరే ఊళ్ళో సర్వీసు సెంటర్ వాళ్ళు అడిగేది బిల్లే. అందుకే అన్ని బిల్లులూ ఫోటో తీసి పెట్టాం, మానిటర్ అట్టపెట్టె, క్యాబినెట్ అట్టపెట్టె థర్మాకోల్‌తో సహా బీరువా మీద ఉంచాం. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఆ పెట్టెలు పారేయరా?" అని అడిగేవారు.

ఈ ఏప్రిల్‌లో నాన్నకి ఆర్డర్ వచ్చింది. విశాఖపట్నం. ఒక ఉక్కు నగరం నుంచి ఇంకో ఉక్కు నగరానికి. ఎర్ర దుమ్ము పోయి ఉప్పుగాలి వస్తుంది, మూత తీసి తుడిచే పని మాత్రం తప్పదు. పెట్టెలు బీరువా మీంచి దిగాయి. ప్లగ్గు తీసి, క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకుని, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయాక మూత తెరిచాం. ప్రాసెసర్ మీది ఫ్యాన్ చిన్నదే కాబట్టి తీయలేదు. పెద్ద కూలర్, గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళు మాత్రం విప్పి విడిగా ప్యాక్ చేసుకోవాలి, లారీ కుదుపులకి వాటి బరువు బోర్డుని వంచుతుంది. ఎస్‌ఎస్‌డికి ఒకటే స్క్రూ. దాన్ని విప్పి, మదర్‌బోర్డుతో వచ్చిన యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టాం. మా ప్రాజెక్టులు, ఇక్కడి స్నేహితుల ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. క్యాబినెట్, మానిటర్ సామాను లారీలో వెళతాయి. ఎస్‌ఎస్‌డి అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో, మాతో పాటు దుర్గ్‌లో రైలెక్కుతుంది.