ఓడొస్తేనే ఉల్లిపాయ

అండమాన్ అంటే మనకు నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొత్త జంటల ఫొటోలు. అక్కడే పుట్టి పెరిగి, అక్కడే పిల్లల పెళ్లిళ్లు చేస్తున్న మన తెలుగువాళ్లకు మాత్రం నీళ్ల వంతులు, ఓడల టైమ్‌టేబుళ్లు, బీరువాకు పట్టిన తుప్పు.

జంగ్లీఘాట్ చేపల బజారులో పొద్దున్నే నిలబడితే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నామో భీమిలిలో ఉన్నామో తేల్చుకోవడం కష్టం. "ఏటి కావాలి బాబూ? కోనాం ఉంది, సూర ఉంది, కానాగంతలున్నాయి" అంటూ కత్తిపీట ముందు కూర్చున్న ఒకావిడ గంప మీది తడిగోనె తీసింది. అదే ఊపులో పక్కనున్న బెంగాలీ ఆయనతో హిందీలో బేరమాడి, అటువైపు తమిళావిడకు రెండు ముక్కలు తమిళంలో చెప్పి, మళ్లీ మనవైపు తిరిగింది. పులుసులోకి ఉల్లిపాయలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే నవ్వేసింది. "చేపలెన్ని కావాలో అడుగు, ఇత్తాను. ఉల్లిపాయలు మాత్రం నన్నడక్కు. ఓడ రానేదు."

కొబ్బరి, వక్క, అరటి, కొంత కూరగాయ దీవుల్లోనే పండుతాయి. బియ్యం, పప్పు, ఉల్లి, బంగాళాదుంప, చింతపండు, గ్యాసు సిలిండరు, సిమెంటు, కరెంటు తయారీకి కావలసిన డీజిలు చెన్నై నుంచో కోల్‌కతా నుంచో విశాఖ నుంచో సముద్రం దాటి రావాలి. ఎటు చూసినా దూరం పన్నెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. వాయుగుండం పట్టి ఓడ రేవులో ఆగిపోయిందా, అబర్దీన్ బజారులో ధరల పలక సాయంత్రానికే మారిపోతుంది. హైదరాబాద్‌లో వాతావరణ వార్తలు వినేది గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని. ఇక్కడ వినేది ఉల్లిపాయలు ఈ రోజే కొనేయాలా, రెండు రోజులు ఆగొచ్చా అని.

2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది. ఆటోవాళ్ల నోట, బజారులో ఇంకా పాతపేరే నడుస్తోంది, ఇక్కడా అదే వాడుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులన్నిటా కలిపి 3.8 లక్షల మంది. మాతృభాషల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. వీళ్లలో ఎక్కువ కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలోనే. చేపల వేటకు వచ్చినవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, సర్కారు కొలువుకు వచ్చినవాళ్లు. అంతకు ముందు సంకెళ్లతో వచ్చినవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరిని తెల్లదొరలు ఈ దీవులకే పంపారు.

సముద్రం మధ్య నీటి కరువు

ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట తాగునీటికి కటకట అంటే ఎవరైనా నమ్ముతారా? నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు మే నెలలో తలుపు తట్టేది ఇక్కడే. అవి వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య రుతుపవనాలు మొదలు. ఇంతా చేస్తే కొండలు నిటారు, వాగులు పొట్టివి. పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. పట్టణానికి ప్రధాన ఆధారం ధనిఖరి డ్యామ్. ఫిబ్రవరి దాటితే అందులో నీటిమట్టం దిగడం, కొళాయిల్లో వంతులు పెరగడం జంటగా సాగుతాయి. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు కాస్తా ఇంకా ఎడం జరుగుతాయి. ఎండాకాలంలో ఇరుగుపొరుగు కలిస్తే మొదటి ప్రశ్న "మీ లైన్లో నీళ్లొచ్చాయా" అనే.

అందుకే ఇళ్ల కప్పులు చూడండి. రేకుల అంచున గొట్టం, గొట్టం కింద డ్రమ్ము, డ్రమ్ము మూతికి కట్టిన పాత పంచె. తొలకరి మొదటి జల్లు దుమ్ము కడిగి వెళ్లిపోయేదాకా ఆగి, తర్వాతి జల్లుకు గొట్టం డ్రమ్ములోకి తిప్పుతారు. అర్ధరాత్రి వాన మొదలైతే ఇంట్లో ఎవరో ఒకరు లేవాల్సిందే.

ఇసుకదీ ఇదే కథ. చుట్టూ ఇసుకే, ఇల్లు కట్టుకోవడానికి మాత్రం చాలదు. తీరం కోసుకుపోతోందని ఇసుక తవ్వకాన్ని ఏటేటా తగ్గించుకుంటూ పొమ్మని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఉత్తర్వు సరైనదేనని నా అభిప్రాయం. కానీ ఇల్లు మొదలుపెట్టి, స్లాబు వేయలేక ఎదురుచూస్తున్న మనిషితో ఆ మాట అనడానికి కొంచెం ధైర్యం కావాలి.

తుప్పు, బూజు, నత్త

ఉప్పుగాలి దేన్నీ వదలదు. కొత్త తాళం కొన్ని నెలల్లో మొరాయిస్తుంది. ఫ్యాను రెక్కల అంచు మొదట ఎర్రబడి, తర్వాత పొరలుగా రాలుతుంది. వానాకాలమంతా తోలు బెల్టు వాడకుండా వదిలేస్తే మళ్లీ తీసేసరికి దానిమీద తెల్లటి బూజు. వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున నీరు చేరుతుంది, అందుకని నాలుగు బియ్యపు గింజలు వేసి ఉంచుతారు. మనవాళ్లకు అసలు కష్టం వడియాల దగ్గర. రెండెండలు వరసగా కాస్తాయన్న నమ్మకం ఉన్నది జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఏడాదికి సరిపడా అప్పుడే పెట్టుకుని, ఎండాక డబ్బాల్లో గట్టిగా మూతపెట్టి, మూత చుట్టూ టేపు కూడా చుడతారు. ఆవకాయకు మాత్రం మన కాయే కావాలంటారు. విశాఖ నుంచి ఓడెక్కి వచ్చేవాళ్ల సామానులో మామిడికాయల బుట్ట ఉందా లేదా అని రేవులోనే చూసుకుంటారు.

పెరట్లో నాలుగు బెండ మొక్కలు వేసుకుందామంటే నత్తలు. మామూలు నత్తలు కావు, పిడికిలంత ఉండే ఆఫ్రికా నత్తలు. 1942 నుంచి 1945 దాకా ఈ దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో వచ్చినవే ఇవి అని చెబుతారు. జపాన్ సైన్యం వెళ్లిపోయింది, నత్తలు ఉండిపోయాయి. చీకటిపడ్డాక టార్చిలైటు, బక్కెట్టు, పిడికెడు ఉప్పు పట్టుకుని పెరట్లో తిరగడం చాలా ఇళ్లలో వానాకాలపు పని. అడవి అంచు పల్లెల్లో అయితే మచ్చల జింకలు మేసిపోతాయి. వీటిని తెల్లదొరలే తెచ్చి వదిలారు. ఇక్కడ పులీ లేదు, చిరుతా లేదు, జింకలను ఆపేదేదీ లేదు. ఇక జెర్రి కుట్టిన కథ లేని ఇల్లు అరుదు.

గడియారంతోనూ చిక్కే. ఊరు దాదాపు మయన్మార్ రేఖాంశం మీద ఉంది, టైము మాత్రం ప్రయాగ్‌రాజ్ దగ్గరి రేఖాంశానిది. హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందే ఇక్కడ తెల్లవారుతుంది. జూన్‌లో పొద్దున అయిదు కాకముందే సూర్యుడు కిటికీలోంచి మొహం మీద పడతాడు. నవంబరులో సాయంత్రం అయిదు కాకముందే మునిగిపోతాడు. ఆఫీసు విడిచేసరికి చీకటి. పిల్లలు స్కూలు నుంచి వచ్చి బ్యాటు తీసేలోపే బంతి కనబడదు. అందుకని క్రికెట్టు పొద్దున్నే ఆడేస్తారు. పొద్దున అయిదున్నరకు మైదానంలో రెండు జట్లు చెమటలు కక్కుతూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పడవ కదలాలి, అప్పుడు చూద్దాం

పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్‌కు రోడ్డు మీద వెళ్లాలంటే పగలంతా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ వరసకట్టి, కాన్వాయ్ కదిలే టైము దాకా ఆగాలి. అక్కడి నుంచి జరావా ఆదివాసుల అడవి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, వాళ్లకు ఏమీ ఇవ్వకూడదు. అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సుతో సహా పంటు ఎక్కి బారాటాంగ్ దీవి చేరాలి. ఆలస్యమవుతోందని విసుక్కునే ప్రయాణికుల పక్కనే కూర్చున్నప్పుడు నాకు వేరే ఆలోచన వచ్చింది. వేల ఏళ్లుగా ఈ అడవిలో బతుకుతున్నవాళ్ల నట్టింట్లోంచి రోడ్డు వేసింది మనం. ఆ భాగాన్ని మూసేయమని కూడా సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. మన తొందర వాళ్ల తప్పు కాదు.

చిన్న దీవులకు పడవే దిక్కు. టికెట్టు కౌంటరు దగ్గర స్థానికులకిచ్చే ఐలాండర్ కార్డు ఉన్నవాళ్లకు తగ్గింపు ధర, పర్యాటకులకు వేరే ధర. సముద్రం పోటుమీద ఉంటే ఎవరి టికెట్టుకైనా ఒకటే విలువ. 2016 డిసెంబరులో వర్దా తుపానుగా మారబోయే వాయుగుండం పట్టినప్పుడు హావ్‌లాక్ దీవిలో వందలమంది పర్యాటకులు ఇరుక్కుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. దేశమంతా అది వార్త. దీవులవాళ్లకు ఏటా రెండు మూడుసార్లు చిన్న ఎత్తున జరిగేదే. ఇక్కడ శుభలేఖలో ముహూర్తం వేస్తారు గానీ, చుట్టాలు బోటు దిగేదాకా వంటవాడికి లెక్క చెప్పరు.

ఆన్‌లైన్‌లో చెప్పుల జత ఎంచుకుని, 744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొట్టగానే "మీ ప్రాంతానికి డెలివరీ లేదు" అని వస్తే వచ్చే కోపం వేరు. కాకపోతే ఒకప్పుడు ఆ పేజీ తెరుచుకోవడమే గగనం. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించేదాకా ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే. ఉద్యోగ దరఖాస్తు నింపడానికి రాత్రి రెండింటికి లేచిన కుర్రాళ్లు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వీడియో ఆగి ఆగి వస్తోందని పిల్లలు గునిస్తే వాళ్లకు నవ్వొస్తుంది.

నవ్వురానివీ ఉన్నాయి. పెద్ద జబ్బు చేస్తే చెన్నై వెళ్లక తప్పదు. బయటి దీవుల్లో అర్ధరాత్రి నొప్పులొస్తే తెల్లవారి హెలికాప్టరు దిగగలదా, సముద్రం బోటును పోనిస్తుందా అనేది మనిషి చేతిలో లేదు. ఊళ్లో కన్నుమూసిన తల్లి ఆఖరి చూపు దక్కనివాళ్లు జంగ్లీఘాట్‌లో ఏ వీధిలోనైనా ఉంటారు. విశాఖకు ఓడలో రెండున్నర రోజులు. అది కూడా చెన్నై, కోల్‌కతాలకు నడిచినంత తరచుగా నడవదు. విమానం టికెట్టు ఆ పూట ఎంత చెబితే అంత.

పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి సిప్పీఘాట్ మీదుగా వెళ్లేటప్పుడు రోడ్డు పక్క నీళ్లు చూడండి. ఒకప్పుడు అవి పొలాలు. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగింది, ఉత్తరాన దిగ్లీపూర్ వైపు పైకి లేచింది. సునామీ నీరు వెనక్కి పోయినా, కుంగిన పొలాల్లోకి పోటు నీరు రావడం ఆగలేదు. వరి పండిన చోట ఇప్పుడు మడచెట్లు. మొసళ్లున్నాయని బోర్డులు. పటంలో కదలకుండా కనిపించే దీవి, కాళ్లకింద అలా ఉండదు.

ఇన్ని చెప్పాక బాగున్నదేమిటని అడగొచ్చు. రాధానగర్ బీచ్ అని మాత్రం ఏ ఐలాండరూ చెప్పరు. వాళ్లు వెళ్లేది ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడే, అదీ ఇసుక ఈగలు కుడతాయని గొణుక్కుంటూ. వాళ్లు చెప్పేవి వేరే. ఊళ్లో దొంగతనం చేసినవాడు ఎక్కడికి పోతాడు, బోటు ఎక్కాల్సిందేగా అని రాత్రి తలుపు సగం తెరిచే పడుకుంటారు. సంక్రాంతికి పక్కింటి బెంగాలీవాళ్ల పాయసంతో మన అరిసెలు కంచం మారతాయి. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ, తెలియకుండానే మూడో భాష నేర్చేసుకుంటారు. చెన్నై వెళుతున్న మనిషి చేతిలో ఎవరి మందుల చీటీ పెట్టినా కాదనడు. ఈసారి వాళ్ల పని, వచ్చేసారి తన పని. సరుకు లేనిచోట అప్పు పుడుతుంది. ఓడ రాని వారంలో ఉల్లిపాయలు ఇల్లు దాటి ఇంకో ఇంటికి వెళ్లినంతగా, అన్నీ దొరికే అపార్ట్‌మెంట్లలో మనుషులు కూడా వెళ్లరు.

రిటైరైన ఒక పెద్దాయన గాజువాకలో ఇల్లు కట్టుకుని, సామానంతా ఓడెక్కించి వెళ్లిపోయారు. పడౌక్ కలప మంచం తీసుకెళ్లడానికి అటవీశాఖ పర్మిట్ కోసం తిరిగిన తిరుగుడు ఇప్పటికీ చెబుతారు. మంచం వెళ్లింది గానీ మనిషి అక్కడ నిలవలేదు, తిరిగొచ్చేశారు. ఎందుకంటే ఆయన చెప్పిన కారణాలు చిన్నచిన్నవి. నాలుగింటికి మెలకువ వస్తే వీధిలో ఇంకా కారుచీకటి, టీకొట్టు తెరవరు. చేప తాజాదని నమ్మబుద్ధి కాదు. పక్కింటివాళ్ల పేరు తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

"మరి ఆ ఇల్లేం చేశారు మావయ్యా?"

"అద్దెకిచ్చాను. ఉన్నవాళ్లు కూడా మనోళ్లే, అండమాన్ నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లలు. వారంవారం ఫోన్ చేసి, ఇక్కడ ఏమీ తోచట్లేదు తాతా అంటన్నారు."